డిస్కుల కంటే ముందు పైపుల సంగతి చూడండి

పాత జీపుకి డిస్క్ బ్రేకులు వేయించినవాళ్లు చూపించే ఫొటోల్లో మెరిసే డిస్కు, దాన్ని ప్యాడ్లతో నొక్కి పట్టే ఎర్ర రంగు వేసిన కాలిపర్ ఉంటాయి. ఆ కాలిపర్‌కి బ్రేక్ ఆయిల్ ఏ దారిన వస్తోంది, పెడల్ తొక్కితే ఆ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ ఏ సైజుది, మధ్యలో ఎన్ని జాయింట్లు ఉన్నాయి అన్నది ఏ ఫొటోలోనూ కనిపించదు. నేను మొదట అడిగేది మాత్రం అదే. ఎందుకంటే ఈ పనిలో బండి యజమాని డబ్బంతా చక్రం దగ్గర పెడతాడు, పైపుల పనేమో చివరి రోజు సాయంత్రం హెల్పర్ కుర్రాడి చేతికి వెళ్తుంది. పాత జీపు బ్రేకుల్నీ, వేరే బండి నుంచి తెచ్చిన డిస్కుల్నీ ఒకటిగా కలిపేది ఆ పైపులే. పొరపాట్లన్నీ జరిగేదీ అక్కడే.

మా ఇంట్లో నాన్న కొన్న మహీంద్రా జీపు ఉంది. బెజవాడ ఆటోనగర్‌లో దానికి చాలా పనులు దగ్గరుండి చేయించాను. స్నేహితుల జీపుల కింద కూడా దూరి చూశాను. అలా చూశాక గట్టిగా చెప్పాలనిపించింది: ముందు కాగితం మీద పైపులు గీయండి, తర్వాతే డిస్కులు కొనండి. ఆ గీత పూర్తి చేయలేకపోతే మంచి డ్రమ్ బ్రేకులతోనే బండి నడుపుకోండి.

పాత బండిలో ఏముందో చూద్దాం. మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశం బండ్ల మొదటి బ్రేకుల పద్ధతి చాలా సాదా. డ్రైవర్ కాళ్ల కింద చాసిస్‌కి బిగించిన ఒకే ఒక మాస్టర్ సిలిండర్, దాంట్లోంచి ఒకే పైపు, ఆ పైపే టీ ఆకారపు జాయింట్ దగ్గర చీలి నాలుగు చక్రాలకీ వెళ్తుంది. ఎక్కడ చిన్న పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకి బ్రేకులు రెండు వేర్వేరు సర్క్యూట్లుగా ఉండాలని చట్టం చేశారు. ఒకటి పోయినా రెండోది బండిని ఆపాలి. ఒకే గొట్టంలో రెండు పిస్టన్లు, రెండు గదులు ఉండే టాండెమ్ మాస్టర్ సిలిండర్ అందుకే అంతటా వచ్చింది.

అందుకే డిస్కులు వేయించేవాళ్లకి నేను పెట్టే మొదటి షరతు టాండెమ్. పాత సింగిల్ మాస్టర్ సిలిండర్ ఉంచేసి ముందు చక్రాలకి డిస్కులు బిగించడం నా దృష్టిలో బండిని ఇంకా ప్రమాదంలోకి నెట్టడం. బ్రేక్ బాగా పడుతోందన్న ధైర్యంతో వేగం పెంచుతారు. వెనక ప్రాణాన్ని కాపాడే రెండో దారి మాత్రం ఉండదు.

తర్వాతది సైజు. ఇక్కడ లెక్క వేయాలి, అదేం కష్టమైన లెక్క కాదు. కాలితో 30 కిలోల బలంతో నొక్కారనుకోండి. పెడల్ ఆ బలాన్ని ఆరు రెట్లు చేస్తే, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని నెట్టే పుష్ రాడ్ మీద 180 కిలోలు పడతాయి. మాస్టర్ సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, అంగుళం అయితే దాని వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు, పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 35 కిలోల చిల్లర. అదే కాలు, అదే పెడల్, బోరు మాత్రం ముప్పావు అంగుళం అయితే ఒత్తిడి 63 కిలోలకి చేరుతుంది. దానికి బదులుగా పెడల్ సుమారు 1.8 రెట్లు ఎక్కువ దూరం దిగాలి. ‘పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే బ్రేక్ గట్టిగా పడుతుంది’ అనే మాట షాపుల్లో తరచూ వింటుంటాం. జరిగేది దానికి పూర్తిగా రివర్సు. పెద్దది వేస్తే పెడల్ రాయిలా గట్టిగా తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

డ్రమ్ముల దగ్గర ఈ లోటు అంత బయటపడదు. డ్రమ్ములో ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్క షూ. చక్రం తిరిగే దిక్కులో ఉన్న షూని డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది, కాలి బలానికి చక్రం బలం తోడవుతుంది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్ మీద ఎంత ఒత్తిడి పెడితే అంతే పట్టు. అందుకే డిస్కులకి పైపులో ఒత్తిడి ఎక్కువ కావాలి, అందుకే వాటితోపాటు వాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ వస్తుంది. మన జీపుల్లో చాలావాటికి డీజిల్ ఇంజను. పెట్రోల్ ఇంజనులోలాగా గాలి పీల్చే దారిలో థ్రాటిల్ మూత ఉండదు కాబట్టి బూస్టర్‌కి కావలసిన వాక్యూమ్ అక్కడ పుట్టదు. బొలెరో లాంటి బండ్లలో ఆల్టర్నేటర్‌కి వెనక చిన్న వాక్యూమ్ పంపు ఉంటుంది. స్క్రాప్ షాపు నుంచి బూస్టర్ తెచ్చి, పాత ఆల్టర్నేటర్ అలాగే ఉంచేసి, పైపు ఎక్కడో తగిలించిన జీపుల్ని చూశాను. ఆ బూస్టర్ ఉన్నా లేనట్టే. బూస్టర్ కొనేముందు ఆ పంపు, దాని హోస్, వన్ వే వాల్వ్ కూడా కాగితం మీద ఎక్కాలి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం. డ్రమ్ బ్రేకుల పాత మాస్టర్ సిలిండర్లలో ఆయిల్ బయటికి వెళ్లే చోట ఒక చిన్న చెక్ వాల్వ్ ఉంటుంది. కాలు తీసినా పైపులో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్ల) ఒత్తిడి మిగిలేలా అది పట్టి ఉంచుతుంది. డ్రమ్ములో షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు కప్పుల అంచులు గోడకి ఒత్తుకుని ఉండటానికి, గాలి లోపలికి పోకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. అంగుళం వీల్ సిలిండర్ పిస్టన్ మీద ఆ ఒత్తిడి మూడున్నర కిలోల బలం. షూలని వెనక్కి లాగే స్ప్రింగులు అంతకంటే చాలా గట్టివి కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. అదే పైపు 54 మిల్లీమీటర్ల కాలిపర్ పిస్టన్‌కి తగిలిస్తే? వైశాల్యం సుమారు 23 చదరపు సెంటీమీటర్లు, బలం 16 కిలోలు. కాలిపర్‌లో వెనక్కి లాగే స్ప్రింగు లేదు. చదరపు సీలు కొద్దిగా మెలితిరిగి మళ్లీ మామూలుగా అవుతూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది, అంతే. ఆ 16 కిలోలు బండి నడుస్తున్నంతసేపూ ప్యాడ్‌ని డిస్కుకి రుద్దుతూనే ఉంటాయి.

ఊళ్లో తిరిగేటప్పుడు ఇది తెలియదు. మైలేజీ కొంచెం తగ్గిందనుకుంటారు. అరకు ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. ఒక స్నేహితుడి జీపు అలాగే సగం ఘాట్‌లో ముందు చక్రాలు పట్టేసి, పొగ వాసనతో రోడ్డు పక్కన ఆగింది. కాలిపర్లు బాగాలేవని విప్పి, కొత్త సీళ్లు వేశారు, మళ్లీ అదే కథ. తప్పు కాలిపర్‌లో లేదు. డిస్కుల పైపు బిగించిన రంధ్రం వెనక పాత చెక్ వాల్వ్ అలాగే ఉండిపోయింది. డిస్కు-డ్రమ్ కోసం తయారైన టాండెమ్‌లో ఆ వాల్వ్ ఉంటే డ్రమ్ముల వైపే ఉంటుంది. చాలా కొత్త వీల్ సిలిండర్లలో కప్పు వెనకే రేకు, స్ప్రింగు పెట్టి ఆ వాల్వ్ అవసరమే లేకుండా చేశారు.

ఇలా చెబితే ‘అయితే వాల్వ్ మొత్తం పీకేద్దాం’ అంటారు. మాస్టర్ సిలిండర్ బానెట్ కింద, కాలిపర్ల కంటే ఎత్తులో ఉంటే పీకేయొచ్చు. కానీ పాత జీపులోలాగా అది నేల కిందే ఉండిపోతే, కాలిపర్లు దానికంటే పైన ఉన్నట్టు. బండి నిలబెట్టినప్పుడు కాలిపర్లలోని ఆయిల్ మెల్లగా వెనక్కి జారుతుంది, పొద్దున్నే మొదటిసారి తొక్కితే పెడల్ నేలకి తగులుతుంది. ఆ సందర్భానికి 2 పీఎస్ఐ వాల్వ్ వేరేగా దొరుకుతుంది. కాలిపర్ మీద దాని బలం మూడు కిలోల పైచిలుకు మాత్రమే, డిస్కు రుద్దుకోదు. నా సలహా మాత్రం పెడల్‌తో సహా మాస్టర్ సిలిండర్‌ని పైకి, ఇంజనుకీ డ్రైవర్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీదికి మార్చేయమనే. ఆయిల్ మట్టం చూడటానికి నేల రేకు విప్పాల్సిన ఖర్మ కూడా తప్పుతుంది.

టాండెమ్ అన్నాను కదా అని ఏ కారు టాండెమ్ అయినా పనికొస్తుందనుకోవద్దు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో సాధారణంగా బ్రేకుల్ని ఐమూలగా విడదీస్తారు. ఒక సర్క్యూట్ ముందు ఎడమ, వెనక కుడి చక్రాలకి, రెండోది మిగతా రెంటికి. ఒకటి పోతే ఒకే ముందు చక్రం బ్రేక్ పడుతుంది, అయినా బండి పక్కకి లాగకుండా ఉండేలా ఆ కార్ల స్టీరింగ్ జ్యామితిని మొదటి నుంచీ అలా తీర్చిదిద్దారు. జీపు ముందు యాక్సిల్‌కి ఆ గుణం లేదు. అక్కడ ఐమూల పద్ధతి పెట్టి ఒక సర్క్యూట్ పోయిందంటే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుపోతుంది. పైగా మన వెనక యాక్సిల్ హౌసింగ్‌కి ఒకే హోస్ (వంగే రబ్బరు గొట్టం), ఒకే టీ. ఐమూల పెట్టాలంటే వెనక రెండు హోసులు, రెండు పైపులు వేయాలి. జీపుకి ముందు ఒకటి, వెనక ఒకటి. వేరే ఆలోచన అక్కర్లేదు. మాస్టర్ సిలిండర్ మీద ఏ రంధ్రం ముందుకి, ఏది వెనక్కి అన్నది మాత్రం చూపుతో తేల్చకండి. అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ బండి కింద పైపు వెంట వేలు పెట్టి వెళ్లి చూసుకోండి. ప్యాడ్లు అరిగే కొద్దీ కాలిపర్ ఎక్కువ ఆయిల్ మింగుతుంది కాబట్టి డిస్కుల వైపు ఆయిల్ డబ్బా పెద్దది కావాలి.

ఇక అసలు పైపు. వాడుకలో ఉన్నది 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్ల ఉక్కు పైపు. రేకుని రెండు చుట్లు చుట్టి రాగితో అతికించిన రకం. పాతది ‘ముప్పై ఏళ్లుగా లీక్ లేదు సార్’ అని ఉంచేయమంటారు. ఇన్నాళ్లూ దాంట్లో ఉన్న ఒత్తిడి వేరు, ఇప్పుడు బూస్టర్‌తో వచ్చే ఒత్తిడి వేరు. లోపలి తుప్పు బయటికి కనపడదు. పైపు మొత్తం కొత్తది వేయడానికి అయ్యే ఖర్చు ఒక డిస్కు ఖర్చులో కొంత భాగం. దాని దగ్గర పొదుపు ఎందుకు?

ఫ్రిజ్జులకి, ఏసీలకి వాడే మెత్తటి రాగి గొట్టం చేత్తో వంగుతుందని కొందరు అదే వేసేస్తారు. జీపు ఒళ్లంతా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకుకి రాగి గట్టిపడుతుంది, గట్టిపడ్డ చోట సన్నటి పగులు వస్తుంది. అంత సులువుగా వంగేదే కావాలంటే, రాగి 90 వంతులు, నికెల్ 10 వంతులు కలిపిన బ్రేక్ పైపు ఉంది. తుప్పు పట్టదు, వంచడమూ తేలిక. సముద్రం పక్క ఊళ్లవాళ్లకి నేను అదే చెబుతాను.

ఫ్లేర్, అంటే పైపు మూతిని విచ్చుకునేలా చేసిన చోటు, దగ్గరికి వస్తే ఇంకా జాగ్రత్త. పాత జీపు జాయింట్లలో పైపు మూతి 45 డిగ్రీల గరాటులా విచ్చుకుని, రెండు మడతలుగా ఉంటుంది. కొత్త బండ్లలో మూతి బుడగలా ఉబ్బి ఉంటుంది. అవి లోపల ఆనుకునే సీట్లూ వేర్వేరు ఆకారాలు. ఒకదాన్ని రెండోదాంట్లో పెట్టి స్పానర్‌తో బలంగా బిగిస్తే కూర్చున్నట్టే అనిపిస్తుంది, ఒక వారం లీకు కూడా ఉండదు. ఆ తర్వాత ఒకరోజు గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు దాని సంగతి బయటపడుతుంది.

అంతకంటే మోసపుచ్చేది నట్టు. పాత పద్ధతిలో 3/8 అంగుళం, అంగుళానికి 24 త్రెడ్లు. కొత్త పద్ధతిలో ఎం 10, అంటే 10 మిల్లీమీటర్ల వ్యాసం, త్రెడ్‌కీ త్రెడ్‌కీ మధ్య 1 మిల్లీమీటరు. మొదటిదాన్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే వ్యాసం 9.5, త్రెడ్ దూరం 1.06. చేత్తో పట్టుకుంటే తేడా చెప్పలేం. పాత నట్టు కొత్త మాస్టర్ సిలిండర్ రంధ్రంలోకి హాయిగా దిగుతుంది, వదులుగా నాలుగు చుట్లు తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బిగిసిందనుకుంటాం. పట్టుకుని ఉన్నది మాత్రం త్రెడ్ల చివరి అంచులే. జాయింట్‌కి ఎదురుగా ఉన్న ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి పదుల కిలోలు. ఇది చదివే వాళ్లలో ఒక్కరైనా త్రెడ్ల దూరం కొలిచే త్రెడ్ గేజ్ కొని జేబులో పెట్టుకుంటే నాకు సంతోషం. దాని ధర చాలా తక్కువ. నట్టు పైపుతోపాటే మార్చుకోవచ్చు కాబట్టి అడాప్టర్ మీద అడాప్టర్ వేసే పని కూడా ఉండదు. మాస్టర్ సిలిండర్ వైపు కొత్త నట్టు, కొత్త ఫ్లేర్; టీ వైపు పాత నట్టు, పాత ఫ్లేర్. ఒకే పైపుకి రెండు చివర్లు రెండు రకాలుగా చేయించుకుంటే సరిపోతుంది. లేత్ షాపులో ఇత్తడి ముక్క తిరగేయించి అడాప్టర్ చేయించే అలవాటు మనవాళ్లకి ఉంది. మన టర్నర్ల చేతి పనితనం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ ఇత్తడి ఏ నాణ్యతో, లోపల సీటు కోణం ఎంతో ఎవరికీ తెలియదు. బ్రేకుల్లో ఆ పని వద్దు.

టెఫ్లాన్ టేప్ కూడా వద్దు. ఇంటి కుళాయిలో నీళ్లు ఆపేది త్రెడ్, బ్రేక్ జాయింట్‌లో ఆయిల్ ఆపేది ఫ్లేరూ సీటూ కలిసిన చోటు. టేప్ ముక్క తెగి లోపలికి పోతే మాస్టర్ సిలిండర్‌లో ఉండే సూది రంధ్రం మూసుకుపోతుంది. పైపుని హాక్సా బ్లేడుతో కోయకుండా కట్టర్‌తో కోసి, అంచు గీకి, గాలి కొట్టి బిగించాలి. చాసిస్ లోపలి వైపున, సైలెన్సర్‌కి దూరంగా, అడుగుకో క్లిప్పు వేసి తీసుకెళ్లాలి. కమాన్ కట్టలు పైకి కొట్టుకున్నా అందకూడదు.

హోసులు ముందు రెండు, వెనక ఒకటి. కాలిపర్ డ్రమ్ వీల్ సిలిండర్ ఉన్న చోట ఉండదు కాబట్టి పాత హోసు పొడవు సరిపోతుందని నమ్మొద్దు. బండిని జాకీ మీద లేపి, యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూడాలి. ఎక్కడా సాగకూడదు, టైరుకి తగలకూడదు. హోసు మీద ఐఎస్ 7079 అని ముద్ర ఉందో లేదో చూసుకోండి. హోసుని కాలిపర్‌కి కలిపే బ్యాంజో బోల్టు దగ్గర, హోసు మూతికి రెండు పక్కలా రాగి వాషర్లు కొత్తవే వేయాలి.

ముందు, వెనక బ్రేకుల మధ్య సమతూకం గురించి ఒక మాట. పాత సీజే3బీ మోడల్ జీపు ముందు, వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, రెండు మీటర్ల చిల్లర. బొలెరోకి 2,680 మిల్లీమీటర్లు. పొట్టి బండి, పైగా ఎత్తు. గట్టిగా బ్రేక్ తొక్కితే బరువంతా ముందుకి వచ్చి వెనక చక్రాలు తేలికవుతాయి, తేలికైన చక్రం ముందే ఆగి జారితే బండి తిరుగుతుంది. వెనక పైపులో ఒత్తిడిని ఒక మట్టం దాటాక తగ్గించే వాల్వ్ ఉండేది అందుకే. ముందు డిస్కులు వేసి వెనక పాత డ్రమ్ములే ఉంచితే ముందు పట్టు పెరుగుతుంది కాబట్టి చాలా జీపులకి ఆ వాల్వ్ లేకుండానే కుదురుతుంది. వెనక కూడా డిస్కులు వేస్తే మాత్రం తిప్పి సరిచేసుకునే వాల్వ్ తప్పనిసరి, అదీ వెనక పైపులోనే. వేరే బండి వాల్వ్ ఆ బండి బరువుకి, పొడవుకి తయారైంది. దాన్ని ఊరికే తెచ్చి పెడితే లాభం లేదు.

పైపుల్లో చిక్కిన గాలి తీసేటప్పుడు పెడల్ ఎంతకీ గట్టిపడకపోతే మాస్టర్ సిలిండర్‌ని తిట్టేముందు కాలిపర్ల వైపు చూడండి. గాలి తీసే నిపుల్ కాలిపర్ పైభాగంలో ఉండాలి. కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది. డబ్బాలకి డబ్బాలు ఆయిల్ పోసినా పైన బుడగ అలాగే ఉంటుంది. బ్రాకెట్ సొంతంగా చేయించిన జీపుల్లో ఇది చాలా ఎక్కువ. పుష్ రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఇసుమంత ఖాళీ ఉందో లేదో కూడా చూడాలి. ఖాళీ లేకపోతే వేడెక్కిన ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లలేక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

మెకానిక్కులు నాతో వాదించే మాట ఒకటుంది. ‘ఇంత లెక్క చూసుకుంటే ఏ పనీ అవదు సార్, ఇన్ని జీపులు పంపించాం, అన్నీ తిరుగుతున్నాయి.’ వాళ్ల అనుభవాన్ని నేను తేలిగ్గా తీసుకోను. విరిగిన బోల్టు తీయడంలో, గేర్ బాక్సు చప్పుడు విని జబ్బు చెప్పడంలో వాళ్లకి ఎవరూ సాటిరారు. కానీ తిరిగే జీపు వేరు, పైపు పగిలిన రోజు కూడా ఆగే జీపు వేరు. రెండోదాన్ని పరీక్ష చేసి చూపించమని అడిగే హక్కు డబ్బు కట్టేవాడికి ఉంది. అలాగే డిస్కులు అందరికీ కావాలని నేను అనను. నెలకి రెండుసార్లు పొలానికి వెళ్లొచ్చే జీపుకి కొత్త లైనర్లు, గుండ్రంగా తిప్పించిన డ్రమ్ములు, కొత్త వీల్ సిలిండర్లు, కొత్త పైపులు, ఒక టాండెమ్ చాలు. తప్పుగా పైపు వేసిన డిస్కుల కంటే అది ఎన్నో రెట్లు నయం.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 బండి మార్పుల మీద ఆంక్షలు పెడుతుంది. పదిహేనేళ్లు దాటిన జీపు రిజిస్ట్రేషన్ పొడిగింపుకి ఎలాగూ తనిఖీకి వెళ్లాలి. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర లిఖితపూర్వకంగా అడిగి పెట్టుకోండి. బిల్లులన్నీ దాచండి.

పని అయ్యాక నేను పట్టుబట్టే పరీక్ష ఇది. ఇంజను ఆపి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచాలి. మెల్లగా దిగిపోతే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ జారుతోంది. ప్రతి జాయింట్‌నీ పొడి కాగితంతో తుడిచి చూడాలి. తర్వాత వెనక చక్రాలు జాకీ మీద లేపి, ముందు కాలిపర్ నిపుల్‌కి గొట్టం పెట్టి వదులు చేసి, ఒకరిని పెడల్ తొక్కమనాలి. ముందు సర్క్యూట్ పోయినట్టే లెక్క. పెడల్ సగానికి పైగా దిగినా చివర్లో గట్టిగా ఆగాలి, వెనక చక్రాలు చేత్తో తిప్పితే తిరగకూడదు. అదే పని వెనక నిపుల్ వదులు చేసి ముందు చక్రాలతో చేయాలి. తర్వాత మళ్లీ గాలి తీసి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి చూడాలి. ఈ పరీక్షలో పెడల్ నేలకి తగిలితే ఆ బండిని షెడ్డులోంచి బయటికి తీయనివ్వకండి, డెలివరీ ఎన్ని రోజులు ఆలస్యమైనా సరే.